తొడిమ దగ్గరి కారం

"విరిచారంటే కొన్నట్టే."

అప్పటికే ఎమ్నా చేతిలో మిరపకాయ కొస విరిగిపోయింది. ఆమె తలెత్తి చూసింది. పెట్టెల వెనక నిలబడ్డ అబ్బాయి నవ్వడం లేదు, అలాగని కోపంగానూ లేడు. ఎండకు ఒక కన్ను మూసుకుని ఆమె వేళ్ళ వంక చూస్తున్నాడు.

"వాసన చూడకుండా ఎలా కొంటాం అన్నా?" అంది.

మంగళవారం సంతలో ఆడవాళ్ళు అమ్మేవాణ్ణి అన్నా అనడం మామూలే. ఈ అబ్బాయికి మాత్రం ఆ పిలుపు చెవిలో దోమలా దూరింది.

"చూడండి. కానీ కొస ఏం చెబుతుంది? కారం తొడిమ దగ్గర కూర్చుంటుంది. కొసకు వచ్చేది దాని మర్యాద మాత్రమే."

అతను ఒక కాయ తీసి తొడిమ కింద గోటితో గిచ్చి, ఆ వేలు నాలుకకు తాకించుకున్నాడు. తియ్యనిదే అన్నట్టు తలాడించాడు.

ఎమ్నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మెంజల్ తమీమ్‌లో పుట్టి పెరిగిన పిల్లకు ఒకడు మిరపకాయ చూడటం నేర్పడమా. మా ఊళ్ళో ఆడపిల్లకు నడక వచ్చేసరికి మిరపకాయల దండ గుచ్చడం వస్తుంది. అయితే ఆ పూట ఆమెకు పంతానికి పోయే తీరిక లేదు. మర్నాడు ఇంటికి కొత్తవాళ్ళు వస్తున్నారు. మెష్వియా చెయ్యాలి. మిరపకాయలూ టమాటాలూ వెల్లుల్లీ నిప్పుల మీద కాల్చి రోట్లో నూరే ఆ పచ్చడికి ఆమె పెట్టింది పేరు. వచ్చేవాళ్ళలో ఒకావిడకు కడుపులో పుండట. ఒక్క కారపు కాయ పడినా ప్రమాదమని అతనికి చెప్పింది.

కొత్తవాళ్ళంటే ఎవరని అతను అడగలేదు. ఆమె చెవులు ఎర్రబడటం చూసి తెలుసుకున్నాడు.

తరవాత అరగంట సేపు అతను వేరే ఎవరికీ ఏమీ అమ్మలేదు. నలభై కాయలు ఏరాడు. చర్మం బిగువుగా ఉన్నవి, తొడిమ ఇంకా పచ్చగా ఉన్నవి. ఒక్కొక్కదాన్నీ గోటితో గిచ్చి, నాలుకకు తాకించి, ఆమె బుట్టలో పడుకోబెట్టాడు. వెనక ఆడవాళ్ళు సణుగుతున్నా పట్టించుకోలేదు.

"ఇందులో కారపు కాయ ఒక్కటి కూడా లేదు. నాదీ పూచీ" అన్నాడు. "నా పేరు నౌఫల్. తేడా వస్తే సంత నడిమధ్య ఈ పేరు పెట్టి తిట్టండి."

సరిగ్గా వారం తిరిగేసరికి ఎమ్నా ఆ పనే చేసింది.

*

ఎమ్నాకు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. పేరు ఖద్దూజా. నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే పెంచింది ఆమే కాబట్టి ఎమ్నా ఆమెను ఉమ్మీ, అంటే అమ్మా అనే పిలిచేది. తండ్రి సఫాక్స్‌లో ఇంకో ఇల్లు కట్టుకున్నాడు. పండగలకు ఫోను చేస్తాడు.

మా వైపు ఎవరైనా ప్రయాణమై వెళుతుంటే వాళ్ళ వెనక చెంబుడు నీళ్ళు పోస్తారు, దారి వాళ్ళను మళ్ళీ ఇంటికి తేవాలని. ఖద్దూజా జీవితంలో రెండుసార్లు మనసు పెట్టి ఆ నీళ్ళు పోసింది. ఒకసారి పడవెక్కి చేపలకు వెళ్ళిన భర్త వెనక. ఇంకోసారి ట్యూనిస్ ఆసుపత్రికి వెళ్ళిన కూతురి వెనక. ఆ రెండుసార్లూ నీళ్ళు గడప ముందు ఇంకిపోయాయి, మనుషులు మాత్రం రాలేదు.

అప్పటినుంచి ఎమ్నా రొట్టెకు వెళ్ళి పది నిమిషాలు ఆలస్యమైనా ఆమె వీధి మలుపు దాకా వచ్చి నిలబడేది. ఏమీ అనేది కాదు. పక్కింటి గోడ చూడటానికి వచ్చినట్టు గోడ వైపు చూసేది.

సంబంధం తెచ్చింది ఎమ్నా మేనత్త. అబ్బాయి పేరు వజ్దీ. దక్షిణాన తతావిన్‌లో ఇంజనీరు ఉద్యోగం. పొద్దున బయలుదేరితే పొద్దుగూకేసరికి చేరే దూరం. కుర్రాడిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మంచి సంబంధం, అంది ఖద్దూజా. కాసేపాగి మళ్ళీ అదే మాట అంది. రెండుసార్లు అన్నదంటే ఉమ్మీకి ఎంత ఇష్టమో అనుకుని ఎమ్నా సరేనంది.

బుధవారం పొద్దున పెరట్లో కుంపటి రాజేశారు. మిరపకాయలు చిటపటలాడుతూ పొంగి నల్లబడ్డాయి. టమాటాలు చిట్లి నిప్పుల్లో కన్నీళ్ళు కార్చాయి. కాలిన వాటిని బట్టలో మూటకట్టి, చెమట పట్టాక పొట్టు వలవాలి. ఆఖరి వాయి నిప్పుల మీద ఉండగా ఎమ్నా ముఖం కడుక్కోవడానికి లేచింది.

"ఉమ్మీ, వీటిని కాస్త తిప్పుతూ ఉండు" అని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం కొత్తవాళ్ళు వచ్చారు. రోట్లోంచి తీసిన పచ్చడి మీద ఆలివ్ నూనె, ఉడికించిన గుడ్డు ముక్కలు, నల్ల ఆలివ్‌లు. కడుపులో పుండున్న ఆవిడ వజ్దీ తల్లే. రొట్టె ముక్క ముంచి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి, ఆహా అంది. ఆ ఆహా సగంలో ఉండగానే రంగు మారింది. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు ధారలు. ఆ వెంటనే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు పాలన్నారు. వజ్దీ పంచదార డబ్బా కోసం వంటింట్లో అలమరలన్నీ తెరిచాడు. గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం గది దాకా రాకముందే వాళ్ళు బయలుదేరారు. పిల్ల కావాలనే చేసిందా అని ఆవిడ ఎక్కిళ్ళ మధ్య మేనత్తను అడగడం ఎమ్నా విన్నది.

*

మంగళవారం సంత నిండుగా ఉంది.

"నౌఫల్ అంటే ఎవరు?" అంది ఎమ్నా, ఎదురుగా నిలబడి, నలుగురూ వినేలా.

అతను పుచ్చకాయ కింద పెట్టాడు. "నేనే. మొన్న చెప్పాను కదా."

"నాదీ పూచీ అన్నది కూడా మీరేనా?"

ఆమె అంతా చెప్పింది. ఎక్కిళ్ళతో సహా చెప్పింది. చుట్టూ బేరాలు ఆగిపోయాయి. అతను అడ్డు రాలేదు, ఒట్లు పెట్టుకోలేదు. ఎర్రబడ్డ ఆమె ముఖాన్నీ తన గోళ్ళనూ మార్చి మార్చి చూసుకున్నాడు. నలభై కాయలు. ప్రతిదీ నాలుకకు తాకింది. అయినా అంత కచ్చితంగా ఎవరు చెప్పగలరు?

చివరికి పెట్టెలోంచి ఒక కాయ తీసి, తొడిమ దాకా కొరికి నమిలాడు. ఇంకోటి తీశాడు. మూడోది కూడా తిన్నాడు.

"ఇవాల్టినుంచి మీరు కొనే ప్రతి కాయా ముందు నేను కొరుకుతాను."

"కొరికిన కాయలు నేనెందుకు కొంటాను?"

"కొనకండి. వచ్చి చూసి వెళ్ళండి."

ఎమ్నా నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకోవలసి వచ్చింది. పక్క దుకాణంలో ఉల్లిపాయలు ఏరుతున్నట్టు నటించింది. అవి ఉల్లిపాయలు కావు, బంగాళాదుంపలు.

*

ఆమె నవ్వింది గానీ సంత నవ్వి ఊరుకోలేదు. వారం లోపలే అతనికి పేరు పడింది, పెళ్ళి చెడగొట్టే నౌఫల్ అని. ఇవి తియ్యనివా, సంబంధం తప్పించేవా అని అడిగి నవ్వుకుంటూ పక్క దుకాణానికి పోయేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. సాయంత్రానికి మిరపకాయల పెట్టెలు నిండుగానే వెనక్కి వెళ్ళేవి. అవి వాళ్ళ నాన్న ఏటేటా ఎంచి దాచిన విత్తనం నుంచి వచ్చిన కాయలు. నాన్న పోయాక ఆ ఎంపిక నౌఫల్ చేస్తున్నాడు.

ఎమ్నా మాత్రం ప్రతి మంగళవారం వచ్చేది. తనిఖీకి అని చెప్పేది. అతను నిజంగానే ఒక్కో కాయా కొరికేవాడు. అప్పుడప్పుడు ఆమెను నవ్వించడానికి కళ్ళు తుడుచుకుని, ఎక్కిళ్ళు తెచ్చుకునేవాడు.

మిరపకాయల మీద మొదలైన మాట మిగతా వాటి మీదికి పాకింది. ఖర్బూజాను నొక్కి చూడకూడదు, తొడిమ ఊడిన చోట ముక్కు పెట్టాలి అన్నాడతను. బెండకాయ కొస ఠప్పున విరగాలి, వంగిందంటే పీచు అని ఆమె చెప్పింది. ఆ విరిచే హక్కు మీకొక్కరికే ఇస్తున్నాను అన్నాడు. అంజూర పండు కింద చిన్న తేనెబొట్టు కనబడితే ఆ పూటే తినెయ్యాలని, రేపటికి దాచకూడదని అతనన్నప్పుడు ఎమ్నా ఒక పండు తీసి అక్కడే తినేసింది.

ఒక మంగళవారం ఆమె చిన్న గిన్నెలో బెండకాయ కూర తెచ్చింది. అతను నిలబడే తిని, ఉప్పు తక్కువైంది అన్నాడు. ఆమె ముఖం ముడుచుకుని వెళ్ళింది. మరుసటి వారం ఉప్పు సరిచేసి తెచ్చింది.

"పోయినసారే బాగుంది" అన్నాడు, అంతా తిన్నాక.

"మరి తక్కువైందన్నారు?"

"బాగుందంటే మళ్ళీ తెచ్చేవారా?"

ఆమె గిన్నె లాక్కుంది. గిన్నె ఖాళీగా లేదు. అడుగున నాలుగు అంజూరాలు ఉన్నాయి. ఎప్పుడు పెట్టాడో.

"మీతో మాటల్లో గెలవలేం అన్నా" అంది.

అతను తక్కెడ పక్కకు జరిపాడు. "ఒక మాట అడగనా? మీకు అన్నలెంతమంది?"

"ఒక్కరూ లేరు."

"అలాగే ఉండనివ్వండి."

ఆ రోజు నుంచి ఎమ్నా అతన్ని అన్నా అనలేదు. పేరు పెట్టీ పిలవలేదు. ఇదిగో అనేది, చూడండి అనేది. ఆ ఇదిగో వినబడితే చాలు, అతని చేతిలో తూకం తప్పేది.

*

ఆగస్టు వచ్చింది. మిరపకాయలు ఎర్రబడ్డాయి. ఏడాదికి సరిపడా హరీసా కారం చెయ్యడానికి ప్రతి ఇల్లూ దండలు గుచ్చి గోడలకు వేలాడదీసే రోజులు. ఎమ్నా రెండు బస్తాలు కొన్నది. మొయ్యడానికి నౌఫల్ వచ్చాడు.

పెరట్లో బస్తాలు దించి నిలబడ్డాడు. ఖద్దూజా అతనికి చల్లటి నిమ్మరసం ఇచ్చింది. అతను తాగుతూ చుట్టూ చూశాడు. గోడ వారన పాత నూనె డబ్బాలో ఒక మిరప మొక్క ఉంది. కాయలు సన్నగా, పొడుగ్గా, అచ్చం తన కాయల్లాగే ఉన్నాయి.

"మొక్క బాగుంది ఖాల్తీ. కారం రకమా?" అన్నాడు మామూలుగా. మా దగ్గర పెద్ద ఆడవాళ్ళను ఖాల్తీ అంటారు, పిన్నీ అన్నట్టు.

ఖద్దూజా చేతిలోని ఖాళీ పళ్ళాన్ని తుడవడం మొదలుపెట్టింది. కారమే, బాగా కారం అంది. ఆ తరవాత అతని వైపు చూడలేకపోయింది. అతను గ్లాసు ఇచ్చేసి, నిమ్మరసం చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

కొత్తవాళ్ళు వచ్చిన ఆ బుధవారం ఎమ్నా ముఖం కడుక్కోవడానికి లేచిన ఐదు నిమిషాల్లో ఖద్దూజా ఆ మొక్క నుంచి మూడు కాయలు కోసి నిప్పుల మీద వేసింది. కాలి పొట్టు వలిచాక ఏ కాయ ఏదో ఎవరికి తెలుస్తుంది? కొత్తావిడ ముఖం ముడుచుకుంటుంది, పచ్చడి కుదరలేదంటుంది, అంతవరకే అనుకుంది. ఆ కళ్ళనీళ్ళూ ఆ ఎక్కిళ్ళూ అనుకోలేదు. తప్పు ఎవరో కుర్రాడి మీద పడుతుందని అసలే అనుకోలేదు. చెబితే ఎమ్నా ఈ ఇంట్లో ఇక ఉండదేమోనన్న భయంతో రోజు రోజూ రేపు చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపింది.

*

ఆగస్టు ఆఖర్లో మేనత్త ఫోను చేసింది. వజ్దీ తల్లి మనసు మెత్తబడిందట. శుక్రవారం వస్తారు, ఈసారి భోజనాలు వద్దు, మాట చాలు అన్నారట. ఎమ్నా ఉమ్మీ వైపు చూసింది. ఉమ్మీ నేల వైపు చూస్తూ, నీ ఇష్టం బిడ్డా అంది.

ఆ మంగళవారం నౌఫల్ దగ్గర మిరపకాయలు లేవు. టమాటాలు, రెండు ఖర్బూజాలు, గుమ్మడికాయలు ఉన్నాయి. వచ్చే వారం నుంచి ఇక్కడికి రానన్నాడు. కెలిబియా సంతకు వెళతాడట. ఇక్కడ తన చేతి మిరపకాయ ఎవరూ కొనడం లేదు, తెచ్చి తీసుకుపోతే కాయలకు అవమానంగా ఉందన్నాడు. నవ్విద్దామనుకున్నాడు గానీ కుదరలేదు.

"శుక్రవారం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు" అంది ఎమ్నా.

"మంచిది" అన్నాడతను.

"మంచిదే" అంది ఆమె.

టమాటా ఒకటి తీసి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. బుట్ట ఖాళీగా ఇంటికి వచ్చి, రోలు ముందు కూర్చుని సోపు గింజల్లాంటి కారవే గింజలు నూరడం మొదలుపెట్టింది. అవి పొడై, పొడి మళ్ళీ దుమ్మైనా రోకలి ఆగలేదు.

ఖద్దూజా గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నది. ఇరవై రెండేళ్ళుగా ఆ పిల్ల రోలు చప్పుడు ఆమెకు తెలుసు. ఆకలికి నూరే చప్పుడు వేరు, కోపానికి నూరే చప్పుడు వేరు. ఇది ఆమెకు తెలిసిన చప్పుడే. భర్త పడవ తిరిగి రాని వారం తన రోలు ఇలాగే మోగింది.

ఆమె తెల్లటి సఫ్సారీ ముసుగును తల మీదుగా కప్పుకుంది. గోడ వారనున్న మిరప మొక్క డబ్బాను రెండు చేతులతో ఎత్తి నడుముకు ఆనించుకుంది. చేతులు ఖాళీ లేక ముసుగు అంచును పళ్ళతో పట్టుకుని వీధిలోకి నడిచింది.

*

సంత సర్దుకుంటోంది. మొక్క ఊగుతూ, మట్టి రాలుతూ, ఒక ముసలావిడ మధ్యలోంచి వస్తుంటే దారి ఇచ్చారు. ఆమె నేరుగా నౌఫల్ దగ్గరికి వెళ్ళి డబ్బాను తక్కెడ మీద పెట్టింది. ముల్లు చివరికంటా తిరిగింది.

ఏదో అనబోయింది. ముసుగు పళ్ళ మధ్య ఉండటంతో మాట రాలేదు. వదిలేసింది. అది భుజాల మీదికి జారింది. నలభై ఏళ్ళలో మొదటిసారి సంతలో ఆమె తెల్ల జుట్టు కనబడింది.

"ఈ అబ్బాయి కాయల్లో కారం లేదు" అంది. పెద్దగానే అంది. "కారం ఇదిగో, నా డబ్బాలో ఉంది. మూడు కాయలు. నేనే కోసి నిప్పుల్లో వేశాను. అబద్ధం ఇక్కడే మొదలైంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. టమాటాలు ఏరుతున్న ఒకావిడ, ఎందుకు చేశావమ్మా ఆ పని అని అడిగింది.

"పిల్ల తతావిన్ వెళ్ళిపోతుందని."

నవ్వు ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఎవరి వెనకా నీళ్ళు పొయ్యని ఆడది లేదు.

అడిగినావిడే ముందు కదిలింది. బుట్ట చాపి, రెండు కిలోల తియ్యటి మిరపకాయలు తూచమంది నౌఫల్‌ను.

"ఇవాళ తేలేదు ఖాల్తీ" అన్నాడతను ఇబ్బందిగా.

"అయితే వచ్చే మంగళవారం. మర్చిపోకు" అందావిడ. మూడు కిలోలు నాకు అని ఇంకెవరో అన్నారు.

ఖద్దూజా వెనక్కి తిరిగింది. ఎమ్నా నిలబడి ఉంది. ఖాళీ అయిన గోడ వార చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చినట్టుంది. అంతా విన్నది.

వాళ్ళిద్దరూ ఖాళీ పెట్టెల మీద కూర్చున్నారు. చాలాసేపు ఎమ్నా తన దుమ్ము పాదాల వైపే చూసుకుంది.

"వెళ్ళొద్దు అని ఒక్క మాట అనొచ్చు కదా ఉమ్మీ."

"అంటే ఆగిపోతావు" అంది ఖద్దూజా. "నాకోసం ఆగిపోయావని రోజూ నీ ముఖంలో చూస్తూ ఎలా బతకను?"

"అందుకని ఆవిడ నోరు కాల్చావు."

"అందుకనే."

"మూడు కాయలా?"

"రెండు చాలవేమో అనుకున్నాను."

ఎమ్నా చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని ఖద్దూజా హడలిపోయింది. వంగి చూస్తే ఆ పిల్ల నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది కూడా. కోపం తగ్గిందని కాదు. ఇంకో వారం రోజులు అప్పుడప్పుడు పొంగుతూనే ఉండేది. కానీ ఆ పూట ఆమె ఉమ్మీ ముసుగు తీసి తల మీద సరిగ్గా కప్పింది. ఖద్దూజాకు అంతే చాలు.

నౌఫల్ డబ్బాను తక్కెడ మీద నుంచి దించి నీడలో పెట్టాడు. ఎమ్నా లేచి అతని దగ్గరికి వెళ్ళింది.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది. మీరు ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"బస్తాలు తెచ్చిన రోజు ఆ మొక్క చూశాను. తరవాత మీ ఉమ్మీ ముఖం చూశాను."

"మరి చెప్పలేదేం? అందరూ అన్ని మాటలంటుంటే? నేను కూడా అన్నానే."

అతను టమాటా పెట్టె అంచు మీది మట్టి గీకాడు.

"నీకు ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి" అన్నాడు. "నాకు మిరపకాయలు పొలం నిండా ఉన్నాయి."

ఎమ్నా ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పెట్టెలోంచి ఒక టమాటా తీసింది, వాసన చూసింది, బుట్టలో వేసుకుంది. ఇంకోటి తీసింది.

"శుక్రవారం వాళ్ళను రావద్దంటాను" అంది టమాటాలతో. "వచ్చే మంగళవారం మిరపకాయలు తే. కొరకకుండా తే."

"పూచీ ఎవరిది?"

"నాది" అంది.

*

వజ్దీ తల్లికి ఫోను చేసి ఖద్దూజాయే క్షమాపణ చెప్పుకుంది. ఆవిడ ముందు చాలాసేపు తిట్టిందట. చివరికి, మంట తగలకముందు ఆ ఒక్క క్షణం పచ్చడి మాత్రం అద్భుతంగా ఉందని ఒప్పుకుందట.

సెప్టెంబరు నెల మధ్యలో నౌఫల్ తల్లి మాట అడగడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే కళ్ళాలు కడిగే తొలివాన మొదలైంది. గోడ నిండా ఎర్రటి దండలు ఎండుతున్నాయి. కాఫీ గాలికి వదిలేసి అందరూ వాటి మీద పడ్డారు. నౌఫల్ నిచ్చెనెక్కి అందిస్తుంటే ఎమ్నా మెడలో, భుజాల మీద వేసుకుంటోంది. కిందికి చూసి అతను దండ అందించడం మర్చిపోయాడు. వాన తడుస్తోంది, తొందరగా అంది ఆమె. వాన తడవదు, మిరపకాయలు తడుస్తాయి అన్నాడతను. అయితే మిరపకాయల్నే చూడు అంది.

ఒళ్ళో దండలు పెట్టుకునే పెద్దవాళ్ళు మాట కలుపుకున్నారు, ఫాతిహా ప్రార్థన చదువుకున్నారు. ఇద్దరు పెద్దావిడలకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులకు కారం ఉండటంతో తుడుచుకోలేక అలాగే నవ్వుతూ కూర్చున్నారు.

పెళ్ళి అక్టోబరులో జరిగింది. నౌఫల్ పొలం ఆరు కిలోమీటర్ల దూరం. ఖద్దూజాను కూడా తమతో రమ్మన్నారు ఇద్దరూ. రాను, నా గోడలు నాకు అలవాటు, మంగళవారం ఎలాగూ వస్తారు కదా అంది. ఆ మంగళవారం అన్న మాటను రోజంతా లోపల జపంలా తిప్పుకుంటూనే ఉంది.

పెళ్ళైన మర్నాడు పొద్దున నౌఫల్ చిన్న ట్రక్కు గుమ్మం ముందు ఆగింది. పరుపు, పెట్టె, మిరపకాయల దండలు, ఎమ్నా రోలు ఎక్కించారు. ఎమ్నా ఉమ్మీ రెండు చేతులూ ముద్దు పెట్టుకుని ఎక్కి కూర్చుంది. ట్రక్కు కదిలింది.

ఖద్దూజా చెంబు పట్టుకుని గడప మీద నిలబడింది. పొయ్యాలా వద్దా అని తెల్లవారుజాము నుంచి ఆలోచిస్తూనే ఉంది. తను పోసిన నీళ్ళు ఎవరికీ కలిసి రాలేదు. పొయ్యకపోతే మాత్రం ఎలా? కళ్ళు మూసుకుని, చెంబు వంచి, చివరి బొట్టు దాకా పోసింది.

ట్రక్కు మలుపు తిరిగింది. చప్పుడు తగ్గింది. వీధి ఖాళీ అయింది. ఆమె గోడ వైపు చూస్తూ నిలబడింది.

చప్పుడు మళ్ళీ దగ్గరైంది. ట్రక్కు వెనక్కి నడుస్తూ, కీచుమంటూ, మలుపు తిరిగి వచ్చి గడప ముందు ఆగింది. ఎమ్నా కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఉమ్మీ, రోకలి మర్చిపోయాను."

రోకలి గుమ్మం పక్కనే ఉంది. ఎత్తైన అరుగు మీద, అందరి కళ్ళకూ కనబడేలా, శుభ్రంగా తుడిచి నిలబెట్టి ఉంది. రోలు గుర్తున్న పిల్ల రోకలి ఎలా మర్చిపోయిందని ఖద్దూజా అడగలేదు. అలాంటి పనులు ఎవరి పెంపకమో ఆమెకు తెలుసు.

రోకలి తీసి కిటికీలోంచి అందించింది. కాళ్ళ దగ్గర నీళ్ళు ఇంకా మట్టిలోకి ఇంకలేదు.